బోణీకి ముందు ఇరాష్షాయిమాసే

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రాలు దాటబోయే స్త్రీ ఉంది. ఆమెను గడప దగ్గరే ఆపేసిన తరతరాల కట్టుబాటు ఉంది. తలుపులు తెరిపించే పరదేశపు మంత్రం ఉంది. ఆఖరున ఒక వృద్ధుడు మగ్గం దిగి వచ్చి, ఒకే ఒక్క మాటతో...

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. సముద్రం ఇంకా ఎవరూ దాటలేదు. మేం దాటిన వాటిలో పెద్దది ఆదోని బస్టాండు ముందరి రోడ్డు. మంత్రం అన్నది జపాన్ హోటళ్లలో పనివాళ్లు తలుపు తెరుచుకోగానే అరిచే మాట. వృద్ధుడు అన్నది మా నాయనను, ఆయన ముందర ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. కాబట్టి ఇది ఎమ్మిగనూరులో ఒక ఉగ్గాని హోటల్ గురించి, ఆ హోటల్లో మా అక్క ఎక్కడ నిలబడాలి అన్న దాని గురించి. అంతే.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందుగది హోటల్. అందులో నాలుగు బెంచీలు, నీళ్ల డ్రమ్ము, బజ్జీల పొయ్యి. నడిమి గదిలో వంట, గ్రైండరు. వెనక గదిలో నాయన గుంత మగ్గం. వీధిలోంచి వచ్చేవాడికి ముందు నూనె వాసన, తర్వాత గ్రైండరు చప్పుడు, దాని వెనక మగ్గం చప్పుడు వరసగా తెలుస్తాయి. పొద్దున్నే అమ్మ బొరుగులు నీళ్లలో ముంచి, పిండి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లుతుంది. ఆ పిండడంలోనే ఉంది విద్య అంతా. గట్టిగా పిండితే ఉగ్గాని పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది, వదిలేస్తే జావ అవుతుంది. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు దీన్ని తినకుండా పొద్దు పొడిచినట్టు ఎవరూ లెక్క వేయరు.

అక్కను పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. పత్తి, వేరుశనగ పండించే ఇల్లు. మంచి మనుషులు. రెండేళ్ల కిందట బావకు జ్వరం వచ్చింది. జ్వరమే అనుకున్నాం. కాదు. ఆ దినాల్లో నేను ఒక్క జోకు కూడా వేయలేదు. నన్ను ఎరిగిన వాళ్లకు దాన్నిబట్టే ఇల్లు ఎట్లా ఉందో తెలిసిపోయింది. పిల్లలు లేరు. పది రోజులు ఉండి పోదామని వచ్చిన అక్క, ఆ పది రోజులు ఎప్పుడు అయిపోయాయో ఎవరూ అడగకపోవడంతో, మా ఇంట్లోనే ఉండిపోయింది.

వచ్చిన కొత్తలో ఆమె ముందుగదిలోనే పని చేసేది. ఒకరోజు పొద్దున పొయ్యి అంటిస్తుంటే మా మొదటి గిరాకీ వచ్చాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, మా అంగడి తెరవకముందే గడప దగ్గర నిలబడే రకం. ఆయన లోపలికి ఒక కాలు పెట్టి, అక్కను చూసి, ఆ కాలు మళ్లీ బయట పెట్టాడు.

"మర్సిపోయినా, ఇంటికాడ సిన్న పనుంది," అన్నాడు అమ్మతో.

"తిని పోన్నా," అంది అమ్మ.

"లేదులే మా. మళ్లొస్తా."

మళ్లీ వచ్చాడు, ఇంకో ఇద్దరు తిన్నాక. బోణీ అయ్యాక. ఆయన చెడ్డవాడేం కాదు. బావ పోయినప్పుడు మట్టి చెయ్యడానికి కూడా వచ్చాడు. కానీ భర్త పోయిన మనిషి చేత్తో బోణీ అయితే దినమంతా బాగుండదని ఆయన నమ్మకం, ఆయనతో పాటు మా వీధి మొత్తానిది. మరుసటి రోజు నుంచి అమ్మ అక్కను నడిమి గదిలో గ్రైండరు దగ్గరికి మార్చింది. బోణీ అయ్యేదాకా ముందుకు రాకూడదు.

"నాకేం పట్టింపు లేదు తల్లీ," అంది అమ్మ. "గిరాకీకి ఉంటాది."

అక్క గ్రైండరు దగ్గరికి పోయింది. పిండి రుబ్బింది. మా అంగట్లో బోణీ ఒక్కోరోజు ఆరింటికే అవుతుంది, వాన పడితే ఏడవుతుంది. అప్పటిదాకా ఆమె నానిన పప్పును, ఆ పప్పు ఆమెను చూసుకుంటూ కూర్చునేవారు. నేను రెండు మూడు జోకులు వేసి చూశాను. అవి నాకే నచ్చలేదు.

జపాన్ మా ఇంట్లోకి నా ఫోన్లోంచి వచ్చింది. అక్కడి హోటళ్లలో పనికి మనుషులు కావాలని, భాష నేర్పి పరీక్ష రాయించి పంపిస్తామని, ఆదోనిలో క్లాసులు జరుగుతాయని ఒక వీడియో. నవ్వుకోవడానికి అక్కకు చూపించాను. ఆమె నవ్వలేదు. ఇంకోసారి పెట్టమంది.

"నేను నేర్చుకుంటా," అంది ఆ మధ్యాహ్నం.

అమ్మ బజ్జీల పిండి చేతులతోనే తల పట్టుకుంది. "జపాన్ యాడుందో తెలుసునా నీకు?"

"యాడున్నా ఈ గ్రైండరు పక్కనయితే లేదు కదమా."

నాయన అప్పుడు అన్నం తింటున్నాడు. ఆయన మజ్జిగ అడిగాడు. అనుమతి ఇచ్చినట్టో, మజ్జిగ మాత్రమే అడిగినట్టో తేల్చుకోలేక అమ్మ మజ్జిగ పోసింది.

ఆడమనిషి ఒంటరిగా ఆదోనికి ఎట్లా పోతుందని నన్ను తోడు పంపారు. అక్కకు ముప్పై దాటాయి. నాకు ఇరవై మూడు. బస్సులో నా టికెట్ కూడా ఆమె దగ్గరే ఉండేది, నేను పారేసుకుంటానని. ఎవరు ఎవరికి తోడో కండక్టర్లకు కూడా తెలుసు. ఊరికే కూర్చోవడం ఎందుకని నన్ను కూడా క్లాసులో చేర్చుకున్నారు. అట్లా నేను జపాన్ భాష నేర్చుకున్న కారణం, బయట మెట్ల మీద ఎండ ఎక్కువగా ఉండటం.

క్లాసు ఒక విత్తనాల అంగడి మీద, మేడపైన. పత్తి విత్తనాల మందు వాసనలో ఓ పది పన్నెండు మందిమి నేల మీద కూర్చునేవాళ్లం. చెప్పే సారు ఆదోని మనిషే. జపాన్‌లో డబ్బాల్లో అన్నం సర్దే ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చేసి వచ్చాడు. మనిషి మెత్తన, భాష మాత్రం కరకు.

"ఈడ మీకు కవిత్వం నేర్పనప్పా," అన్నాడు మొదటిరోజే. "అంగట్లో పదాలు, హోటల్లో పదాలు. అంతే. ఇవి వస్తే బతుకుతారు."

అట్లా మాకు వచ్చినవి బతికే పదాలు. నీళ్లు ఒమిజు. ఎంత అని అడగాలంటే ఇకురా దెస్‌కా. బిల్లు ఓకాయ్‌కే. గిరాకీ ఏదైనా చెప్పగానే కాషికొమరిమాష్త అనాలి, అంటే తమరు చెప్పినట్టే అని. ఇదే సందర్భంలో మా అంగట్లో వాడే మాట "ఆ". కొంచెం ఆగమనడానికి షోషో ఒమాచి కుదసాయ్. దానికి మా అమ్మ అనేది "అయిపాయ, వస్తాంది". అప్పటికి పొయ్యి కూడా అంటించి ఉండదు. సరుకు అయిపోతే ఉరికిరే దెస్ అని, దాని ముందర మోషివాకె గొజాయిమసెన్ అని క్షమాపణ కోరాలి. ఆ మాట నేను పూర్తి చేసేలోపు గిరాకీ క్షమించేసి ఇంకో హోటల్‌కు పోయి ఉంటాడని సారుతో అన్నాను. నన్ను నిలబెట్టారు. జపాన్ చదువైనా శిక్ష మాత్రం మన పద్ధతిలోనే.

అన్నిటికన్నా ముందు నేర్పింది ఇరాష్షాయిమాసే. రండి, దయచేయండి అని.

"తలుపు తెరుసుకునిందా, అరవాల," అన్నాడు సారు. "ఒక్కరు కాదు. పనిలో ఉన్నోళ్లంతా. వంట చేసేటోడు పొయ్యి కాడి నుంచే అరవాల. వెనక గిన్నెలు కడిగేటోళ్లు కూడా అరవాల."

అక్క ఎప్పుడూ క్లాసులో ప్రశ్న అడగలేదు. ఆరోజు అడిగింది. "వెనకున్నోళ్లు కూడానా సార్?"

"వెనకున్నోళ్లు కూడా."

"పొద్దున ఫస్టు గిరాకీ వచ్చినప్పుడు కూడానా?"

"అప్పుడు ఇంకా గట్టిగా అరవాల మా."

"ఎవురైనా అరవచ్చునా సార్?"

సారుకు ప్రశ్న అర్థం కాలేదు. "అరవచ్చునా ఏంది? అరవకుంటే మేనేజరు తిడ్తాడు."

అక్క తల వంచుకుని రాసుకుంది. రాసుకోవడానికి అందులో ఏమీ లేదు. ఆ పదం ఆమెకు అప్పటికే వచ్చు. ఆమెకు కావలసింది జపాన్ కాదని నాకు అప్పుడు తెలిసింది. పొద్దున్నే మొదట వచ్చిన మనిషిని ఎదురుగా నిలబడి "రాండి" అని పిలిచే పని కావాలి. అది మా ఇంటి ముందుగదిలో దొరకలేదు కాబట్టి జపాన్ దాకా వెతుకుతోంది. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి "నీళ్లు తాగుతావా అక్కా" అన్నాను.

ఇంకో సంగతి ఆమెను బాధపెట్టింది. ఇరాష్షాయిమాసే అన్నప్పుడు గిరాకీ తిరిగి ఏమీ అనడట. విన్నట్టు కూడా ఉండడట. పోయి కూర్చుంటాడట.

"పిలిస్తే పలకరా?" అంది బస్సులో.

"పలకరంట."

"మరి పిలిసినట్టు ఎట్ల తెలుస్తాది?"

ఎమ్మిగనూరు దాకా ఆమె కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆరు కాగానే కండక్టరు గడప ఎక్కాడు. అమ్మ నోరు తెరిచేలోపు నడిమి గదిలోంచి, గ్రైండరు చప్పుడు దాటుకుని, గొంతు వచ్చింది.

"ఇరాష్షాయిమాసే!"

కండక్టరు పైకి చూశాడు, కిందికి చూశాడు. అమ్మ చేతిలోని గరిటె నూనెలో పడింది.

"ఏందిమా అది?"

"జపాన్ మాటన్నా," అన్నాను నేను. "రాండి అని."

ఆయన కాసేపు ఆలోచించాడు. మనిషి ఎదురైతే కదా ఇబ్బంది. గొంతుకు నియమం ఏమీ ఉన్నట్టు ఆయనకు గుర్తు లేదు. పైగా అది తెలుగు కూడా కాదు. కూర్చుని, "ఆ, వచ్చినాలేమా," అని లోపలికి వినపడేలా జవాబిచ్చి, ప్లేటు ఉగ్గాని చెప్పాడు.

అమ్మ లోపలికి పోయి అక్కను ఏమనాలో తెలియక, ఉప్పు డబ్బా తీసుకుని తిరిగి వచ్చింది.

ఆ రోజు నుంచి మా అంగడికి కనపడని గొంతు ఒకటి అలవాటైంది. పిలిస్తే జపాన్‌లో పలకరేమో గానీ, ఎమ్మిగనూరులో పలకని వాడు లేడు. "వచ్చినా వచ్చినా" అని ఒకడు. "రెండు ప్లేట్లు పెట్టుమా" అని ఇంకొకడు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి పోయే జనం బస్సు దిగి వచ్చినప్పుడు, ఒక ముసలమ్మ ఆ అరుపు విని, లోపల ఎవరికో దేవుడు పూనాడనుకుని చేతులు జోడించింది. మేం ఆమెకు నిజం చెప్పాం. ఆమె నమ్మలేదు. ఇంకో బజ్జీ అడిగింది.

మధ్యాహ్నాలు అంగడి ఖాళీగా ఉన్నప్పుడు అసలు సాధన. నేను గిరాకీని. బయటి నుంచి వస్తాను. అక్క వంగి, ఇరాష్షాయిమాసే, నాన్‌మేసామా దెస్‌కా అంటుంది. ఎంతమంది వచ్చారు అని. నేను హితోరి దెస్ అనాలి, ఒక్కడినే అని. నేను అట్లా అంటే నేనెందుకు? ఒకరోజు పెండ్లి బృందాన్నయ్యాను. ఒకరోజు పోలీసునయ్యాను. ఒకరోజు అలిగిన అల్లుణ్నై, పిలిచినా కూర్చోకుండా నిలబడ్డాను. అక్క గరిటె చూపించింది. ఈ తతంగం జరిగినంతసేపూ వెనక గదిలో మగ్గం ఆడుతూనే ఉండేది. కొన్నిసార్లు ఆగేది. పోగు తెగిందేమో అనుకునేవాళ్లం.

అక్క పరీక్ష పాసైంది. నేను కూడా పాసయ్యాను. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. తర్వాత ఇంటర్వ్యూ. జపాన్ హోటల్ వాళ్లు వీడియోలో చూస్తారు, ఇక్కడ సారు మేడ మీద బల్ల వేసి, ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి, గిరాకీకి వడ్డించినట్టు చేసి చూపించాలి. నలుగురిని పిలిచారు. నన్ను కంప్యూటరు వెనకాల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటానన్న ఒప్పందం మీద నిలబడనిచ్చారు.

తెర మీద ఒక నడివయసు ఆవిడ, ఆమె పక్కన ఒకాయన. ఆవిడే గిరాకీ. ఆమె ముందర కూడా ఒక గిన్నె ఉంది, నిజం గిన్నె. అక్క ఇరాష్షాయిమాసే అన్నప్పుడు కింద విత్తనాల అంగట్లో వాళ్లు కూడా తల ఎత్తి ఉంటారు. ఆవిడ నీళ్లు అడిగింది, అక్క సరిగ్గా ఇచ్చింది. ఆర్డరు తీసుకుంది. కాషికొమరిమాష్త అంది, ఎక్కడా తడబడలేదు. సారు మొహంలో వెలుగు వచ్చింది.

ఇక అన్నం మళ్లీ వడ్డించే ఘట్టం. దాన్ని వాళ్లు ఒకవారి అంటారు.

"ఒకవారి ఇకగా దెస్‌కా?" ఇంకొంచెం పెట్టమంటారా?

"కెక్కో దెస్," అంది ఆవిడ నవ్వుతూ. చాలు.

ఇక్కడితో వంగి, పక్కకు తప్పుకోవాలి. సారు నేర్పింది అదే. కానీ మా ఇంట్లో, మా వీధిలో, మా తాలూకాలో, మొదటిసారి చాలు అన్నమాటను చాలు అని ఎవరు లెక్కపెట్టారు? అది మర్యాదకు అనేది. దాన్ని పట్టుకుని గరిటె వెనక్కి తీస్తే, పెట్టడం ఇష్టం లేక తీశారని అర్థం. అక్క అత్తగారింట్లో ఏడేళ్లు వడ్డించింది. ఆమె చెయ్యి వెనక్కి పోవడం ఎరగదు.

"ఒకవారి ఇకగా దెస్‌కా?" అంది మళ్లీ.

ఆవిడ కొంచెం ఆశ్చర్యపడి, "కెక్కో దెస్."

సారు కంప్యూటరు వెనక నుంచి చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. అక్క చూడలేదు. ఆమెకు ఎదురుగా ఒక మనిషి, ఆ మనిషి ముందర ఖాళీ గిన్నె. అంతే కనపడుతోంది.

"ఒకవారి..." అని మొదలుపెట్టి, జపాన్ భాష చాలక, "ఒక్క ముద్ద మా, నా మాట ఇను," అంది.

తెర మీది ఆవిడకు ఏం అర్థమైందో. గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అక్క టక్కున ఆగిపోయింది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే నిజంగానే చాలని అర్థం. ఆ ఒక్కటి రెండు దేశాల్లోనూ ఒకటే.

ఇలాంటి చోట తెర మీది ఆవిడ కళ్లు చెమర్చాలి. తన తల్లి గుర్తుకు రావాలి. కొంచెం సంగీతం కూడా రావాలి. ఆవిడ పక్కనున్న ఆయనతో ఏదో అంది, ఆయన ఏదో రాసుకున్నాడు, తర్వాతి వాళ్లను రమ్మన్నారు.

వారం తర్వాత జవాబు వచ్చింది. మిగతా ముగ్గురినీ తీసుకున్నారు. సారు అక్కను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు.

"అన్నీ బాగున్నాయంట మా. ఒక్కటే. వద్దన్నాక మళ్లీ అడగొద్దు. ఆడ అట్ల అడిగితే గిరాకీకి ఇబ్బందంట. ఒక్కసారే."

"సరే సార్."

"ఇంకో కంపెనీ వస్తాది. అప్పుడు సూద్దాం."

"సరే సార్."

తిరుగు బస్సులో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. పక్కన నేను. పత్తి మూటల లారీ ఒకటి మా ముందర పోతుంటే, గాలికి ఎగిరిన దూది కిటికీలోంచి వచ్చి ఆమె ఒళ్లో పడింది. దాన్ని తీసి వేళ్ల మధ్య నలిపింది.

"ఒక్కసారి వద్దంటే నిజంగానే వద్దనా వాళ్లకి?"

"అంతేనంట అక్కా."

"ఎంతమంది ఆకలితోనే లేస్తాండారో పాపం," అంది.

నేను నవ్వలేదు. ఆమె జోకు వేయలేదు కాబట్టి.

మరుసటి రోజు నుంచి నడిమి గదిలోంచి గొంతు రాలేదు. గ్రైండరు మాత్రమే. కండక్టరు వచ్చి, గడప దగ్గర అలవాటుగా ఆగి, ఏమీ వినపడకపోతే కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు అడిగాడు.

"ఏమ్మా, ఆ జపాన్ అరుపు వినపడలే?"

"గొంతు బాగలేదన్నా," అంది అమ్మ. అక్కకు గొంతు బాగానే ఉంది.

"అది లేకుంటే అంగడి తెరిసినట్టే లేదుమా," అన్నాడు ఆయన బజ్జీ తుంచుతూ. గడప మీది కాలు వెనక్కి తీసింది కూడా ఈయనే. రెండూ ఒకే మనిషి మనస్ఫూర్తిగా చేశాడు. నేను ఆయన మీద కోపం తెచ్చుకోవాలని కొంత ప్రయత్నించాను. ఉగ్గాని బాగుందని మెచ్చుకుని పోయాడు.

అమ్మ ఆ రోజు బొరుగులు గట్టిగా పిండింది. అందరూ నీళ్లు అడిగి తాగారు.

తర్వాతి రోజు పొద్దున. అంగడి తెరిచాం, ఇంకా ఎవరూ రాలేదు. సన్నగా వాన పడి ఆగింది. వెనక మగ్గం చప్పుడు ఆగింది. పోగు తెగిందేమో అనుకున్నాను. కాసేపటికి మా నాయన వీధిలోంచి నడుచుకుంటూ వచ్చాడు. వెనక తలుపు తీసుకుని, సందులోంచి చుట్టూ తిరిగి. పంచె, బనియను, భుజాన తువ్వాలు. కాళ్లకు సందులోని బురద. అంగడి మెట్టు ఎక్కి గడప బయట నిలబడ్డాడు.

"ఏంది ఆడ నిలబన్నావ్?" అంది అమ్మ. "లోపలికి రా."

నాయన కదలలేదు. "పిలిస్తే వస్తా."

"పిలుస్తాండా కదా, రా."

"నువ్వు కాదు."

అమ్మ ఆయన వంక చూసింది. పొయ్యి మీద నూనె కాగి పొగ లేస్తోంది. ఆమె దాన్ని దించలేదు. వీధిలోకి చూసింది, ఎవరైనా వస్తున్నారేమో అని. మళ్లీ నాయనను చూసింది. తర్వాత, నడిమి గది వైపు తిరగకుండానే, గొంతు పెంచి అంది.

"గిరాకీ వచ్చినాడు. ఎంతసేపు నిలబెడతావే?"

గ్రైండరు ఆగింది. అక్క వచ్చింది. మోచేతుల దాకా పిండి. ముందుగదిలోకి వచ్చే ఆ వాకిట్లో ఒక్క క్షణం ఆగి, అమ్మను చూసింది. అమ్మ నూనె దించే పని పెట్టుకుంది. అక్క గడప దగ్గరికి పోయి, నాయన ముందర నిలబడి, కొంచెం వంగింది.

"ఇరాష్షాయిమాసే."

అరవలేదు. మామూలుగా అంది. తర్వాతి మాట దానంతటదే వచ్చేసింది, అన్ని మధ్యాహ్నాలు నాతో అనీ అనీ.

"నాన్‌మేసామా దెస్‌కా?"

మా నాయన ఒక వేలు చూపించాడు. "హితోరి," అన్నాడు.

గోడ అవతల మగ్గం ఎందుకు ఆగేదో నాకు అప్పుడు తెలిసింది. తెగింది పోగు కాదు. అదే సమయంలో నేను పోలీసుగా, పెండ్లి బృందంగా వేసిన వేషాలన్నీ ఆయన విన్నాడని కూడా తెలిసింది. రెండోది తెలియకపోయినా బాగుండేది.

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. అక్క నీళ్లు పెట్టింది, ఉగ్గాని పెట్టింది, బజ్జీ పెట్టింది. ఆయన తిన్నాడు. ప్లేటు ఖాళీ అయ్యాక అక్క అడిగింది.

"ఒకవారి ఇకగా దెస్‌కా?"

"సాలు," అన్నాడు నాయన.

అక్క వంగి పక్కకు తప్పుకుంది. నాయన తల ఎత్తాడు.

"ఏమే, ఒక్కసారే అడుగుతావా?"

"జపాన్‌లో అంతే నాయనా."

"ఇది జపానా?"

అక్క పెదవి అదిరింది. ఏడుస్తుందో నవ్వుతుందో తేలకముందే గరిటెడు ఉగ్గాని తెచ్చి ఆయన ప్లేట్లో వేసింది. ఆయన వద్దు వద్దు అంటూనే ప్లేటు ముందుకు జరిపాడు.

నా గొంతులో ఏదో అడ్డం పడింది. నిన్నటి ఉగ్గాని అయి ఉండాలి. అమ్మ చెయ్యి చాచింది.

"బోణీ కదా. దుడ్లు?"

నాయన బనియను తడుముకున్నాడు. బనియన్లకు జేబులుండవు. నా వైపు చూశాడు. నేను తీసి ఇచ్చాను. మా వంశంలో ఒక గొప్ప మార్పు ఆ రోజు నా జేబులోంచే జరిగింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరూ ప్రస్తావించలేదు.

అమ్మ ఆ నోటును అక్క చేతిలో పెట్టింది. "కండ్లకు అద్దుకుని డబ్బాలో వెయ్యి," అంది. అక్క అద్దుకుంది. నోటుకు పిండి అంటింది.

అప్పుడే కండక్టరు గడప ఎక్కాడు. ఒక కాలు లోపల. ఎదురుగా అక్క. ఆయన ఆగాడు. ఆ కాలు ఎటు పోతుందోనని నలుగురం దాన్నే చూశాం. మనిషి మొహం ఎవరూ చూడలేదు.

"ఇరాష్షాయిమాసే," అంది అక్క.

"బోణీ అయిందా?" అన్నాడు కండక్టరు అమ్మతో.

"అయింది."

"ఎవురు?"

అమ్మ నాయనను చూపించింది. నాయన మూతి తుడుచుకుంటూ తల ఊపాడు. కండక్టరు ఆయన ప్లేటును, డబ్బాను, అక్కను చూశాడు. నియమం ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండో కాలు కూడా లోపల పెట్టాడు.

"వచ్చినాలేమా," అన్నాడు అక్కతో. "గొంతు బాగయిందా?"

"బాగయిందిన్నా."

కట్టుబాటు ఏదో కూలిపోయిందని ఎవరైనా అనుకుంటే, అది కూలలేదు. కొంచెం పక్కకు జరిగి కూర్చుంది. ఆ రోజు గిరాకీ ఎప్పటిలాగే ఉంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. కరెంటు పోలేదు. ఎవరి కాలూ విరగలేదు. కానీ మరుసటి రోజు పొద్దున అక్క నడిమి గదిలోకి పోతుంటే అమ్మ, "పప్పు నేను సూస్తాలే, నువ్వు ముందరుండు," అంది, అదేదో ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు అయినట్టు. నాయన రోజూ సందు చుట్టి వచ్చి, గడప దగ్గర నిలబడి, పిలిచాక లోపలికి వస్తాడు. మగ్గం దగ్గరికే టిఫిన్ తెప్పించుకునే మనిషి. ఇప్పుడు చొక్కా వేసుకుని వస్తున్నాడు. జేబు కోసం.

రెండో కంపెనీ ఇంటర్వ్యూ పోయిన నెల అయింది. ఈసారి కూడా తెర మీద ఒకావిడ, గిన్నె, ఒకవారి. ఆవిడ చాలంది. అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి గట్టిగా పట్టుకుని నిలబడింది. వెనక నిలబడిన నాకే కనపడింది అది. ఫలితం వచ్చే వారం అన్నారు. ఆ వారం వచ్చింది, పోయింది. సారుకు ఫోన్ చేస్తే షోషో ఒమాచి కుదసాయ్ అంటున్నాడు. ఫలితం ఏమొస్తుందని అమ్మ ఒక్కసారే అడిగింది, రెండోసారి అడగలేదు. అక్క కూడా పెద్దగా ఎదురుచూస్తున్నట్టు లేదు. పొద్దున్నే ఆమెకు పని ఉంటోంది.

అంగడి ఆరింటికి తెరుస్తాం. మంగళవారం సెలవు. బజ్జీలు తొమ్మిదిన్నరకల్లా ఉరికిరే.